వినేవాళ్ల మాట ఎక్కడ పట్టుకోవాలి: మా పాడ్‌కాస్ట్ పదిహేను వారాల డైరీ

పద్దెనిమిది ఎపిసోడ్లు అయ్యాక, ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే ఒకావిడ నా గొంతు గుర్తుపట్టింది. "మీ అభిప్రాయం చెప్పండి, చెప్పండి అంటారు గానీ, ఎక్కడ చెప్పాలో మాత్రం చెప్పరేంటండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మాది విశాఖ పేటల మీద పాడ్‌కాస్ట్. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక పేట, అరగంట. మనుషులం ఇద్దరం. మాట్లాడేది నేను, ఎడిటింగ్ మా మేనల్లుడిది. వాడు గాజువాకలో ఉంటాడు, నేను ఎంవీపీలో. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. అందుకని వినేవాళ్ల మాట పట్టుకునే చోటు వెతికే ఈ పనికి ముందే రెండు హద్దులు పెట్టుకున్నాం: డబ్బు 2,000 రూపాయలు, టైము ఇద్దరిదీ కలిపి వారానికి 3 గంటలు. మొదటిది దాటలేదు. రెండోది దాటింది, ఎక్కడ దాటిందో కింద ఉంది. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లు నేరుగా దశ 2 చదువుకోవచ్చు. దశ 3 మాత్రం వదిలేయకండి, మాకు దెబ్బ తగిలింది అక్కడే.

దశ 0: ఉన్నది లెక్కపెట్టుకోవడం

కొత్తది పెట్టేముందు పాత 18 ఎపిసోడ్లకి వచ్చిన మాటలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించాం. యూట్యూబ్ కామెంట్లు 19, నా సొంత వాట్సాప్‌కి 14, స్పాటిఫైలో 6, యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో రివ్యూలు 2. మొత్తం 41.

ఆ రెండు రివ్యూల్లో ఒకటి డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయిది. రాశానని వాడు చెప్తాడు, నా ఫోన్‌లో చూస్తే లేదు. యాపిల్‌లో ఏ దేశం స్టోర్‌లో రాసిన రివ్యూ ఆ దేశంలోనే కనపడుతుందని నాకు తెలియదు. వాడు అబద్ధం చెప్తున్నాడని నేను, నేను పట్టించుకోలేదని వాడు, రెండు నెలలు ముభావంగా ఉన్నాం.

తర్వాత 'పనికొచ్చే మాట' అంటే ఏంటో తేల్చుకున్నాం.

1. మేం చెప్పిన తప్పు దిద్దాలి. లేదా
2. మాకు తెలియని పేరో, చోటో, సంగతో చెప్పాలి. లేదా
3. తర్వాతి ఎపిసోడ్‌లో జవాబు చెప్పదగ్గ ప్రశ్న అడగాలి.

మెచ్చుకోలుకి ఈ లెక్కలో చోటు లేదు. "పొగిడితే పనికిరాదా మావయ్యా?" అని మావాడు మొహం మాడ్చుకున్నాడు. మనకి పనికొస్తుందిరా, ఎపిసోడ్‌కి పనికిరాదు అన్నాను.

ఈ కొలతతో చూస్తే 41లో మిగిలినవి 7. అందులో 5 నా సొంత వాట్సాప్‌కి వచ్చినవే. ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే మూడు వారాలు మిగిలేవి. ఆగలేదు.

దశ 1: గూగుల్ ఫామ్, 1 నుంచి 3 వారాలు

ఫిబ్రవరి మొదటి వారంలో మొదలు. ఫామ్ ఎందుకంటే ఉచితం, జవాబులు వాటంతటవే షీట్‌లో పడతాయి. పదకొండు ప్రశ్నలు పెట్టాను. వయసు, పేట, ఎన్నో ఎపిసోడ్ నుంచి వింటున్నారు, ఏం నచ్చింది, ఏం నచ్చలేదు... జనాభా లెక్కల వాళ్లు కూడా అన్ని అడగరేమో. చివర్లో 'పాత ఫొటో ఉంటే పంపండి' అని ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న ఒకటి.

ఫామ్‌ని ఎంతమంది తెరిచి వదిలేశారో ఫామ్ చెప్పదు, నింపినవాళ్ల లెక్కే చెప్తుంది. అందుకని క్లిక్కులు లెక్కపెట్టే చిన్న లింకు వెనక పెట్టాం. ఇది మాత్రం మంచి పని చేశాం. మొదటి వారం క్లిక్కులు 63, నింపినవి 9.

కారణం నా ఫోన్‌లో దొరకలేదు, మా ఆవిడ ఫోన్‌లో దొరికింది. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న ఒక్కటి ఉన్నా గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వందే ఫామ్ నింపనివ్వదు. నాది ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది కాబట్టి ఆ గుమ్మం నాకు కనపడలేదు. మార్పులు:

1. ఫైల్ అప్‌లోడ్ తీసేశాం.
2. పదకొండు ప్రశ్నల్ని మూడుకి కుదించాం.
3. మెయిల్ ఐడీ అడగడం మానేశాం.

తర్వాతి రెండు వారాల్లో క్లిక్కులు 58, నింపినవి 22. అంకె బాగుంది. లోపల చూస్తే 'బాగుంది', 'చాలా బాగుంది', 'ఇంకా చేయండి'. సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. షీట్‌లో ఒక పేట పేరు కోసం వెతికితే నాలుగు స్పెల్లింగుల్లో నాలుగు చోట్ల దొరికేది.

ఫామ్ సంగతి తేల్చింది అంకెలు కాదు, మా పక్కింటి పిన్నిగారు. వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. కురుపాం మార్కెట్ ఎపిసోడ్ విన్నానన్నారు. పక్కన కూచుని, నేనేం చెప్పకుండా ఫామ్ నింపమన్నాను. ఫోన్ చెయ్యంత దూరాన పెట్టుకుని, బొటనవేలితో మెల్లగా గడి మీద నొక్కారు. కీబోర్డు పైకొచ్చి ప్రశ్నని కప్పేసింది. "ఇందులో ఏటి రాయాలి నాయనా?" అని, వేలు అలాగే గాల్లో ఉంచి నా వైపు తిరిగి, మార్కెట్ వెనక సందులో వాళ్ల నాన్నగారు గుడ్డలు కొన్న దుకాణం గురించి నాలుగు నిమిషాలు చెప్పుకుపోయారు. ఆ నాలుగు నిమిషాల్లో మా ఎపిసోడ్‌లో లేని సంగతులు మూడున్నాయి. ఫామ్‌లో చివరికి ఆవిడ పెట్టింది ఒక చుక్క. అది తప్పనిసరి ప్రశ్న, ఏదో ఒకటి పెడితే గానీ పంపనివ్వదు కదా.

*ఇప్పటిదాకా: మాటలు 31, పనికొచ్చినవి 5, టైము 6 గంటల 10 నిమిషాలు, ఖర్చు 0. ఒక్కో పనికొచ్చే మాటకి 74 నిమిషాలు.*

దశ 2: గొంతుకి ఒక నంబరు, 4 నుంచి 8 వారాలు

పిన్నిగారి వేలు గాల్లో ఆగిన చోటే తేలిపోయింది. రాయమంటే రాయరు, చెప్పమంటే చెప్తారు. మా ఇంట్లో అటక మీద పడున్న పాత ఫోన్ దింపి, కొత్త సిమ్ వేసి, వాట్సాప్ బిజినెస్ పెట్టాం. సిమ్, మొదటి రీచార్జి కలిపి 349 రూపాయలు. సొంత నంబరు ఇవ్వొద్దు. నాకు అర్ధరాత్రి కాల్స్ వచ్చాయి కాబట్టి చెప్తున్నాను.

పెట్టిన వరస:

1. ఆ నంబరుకి కాల్స్ సైలెంట్. వాయిస్ మెసేజ్‌లు, ఫొటోలు మాత్రమే చూస్తాం.
2. ఫోన్ నా ఇంట్లో. మావాడి కంప్యూటర్ దానికి లింకు. ఒక ఖాతాకి నాలుగు పరికరాల దాకా కలుపుకోవచ్చు.
3. మొదటిసారి రాసినవాళ్లకి వెళ్లే పలకరింపు మెసేజ్.
4. నొక్కగానే చాట్ తెరిచే లింకు, దానికి క్యూఆర్ కోడ్.

నాలుగింట్లో మూడు మొదటిసారి పాడయ్యాయి.

*పలకరింపు.* ఆరు లైన్లు రాశాను. "మీ అమూల్యమైన అభిప్రాయాలను మాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు" అని మొదలు. మొదటి వారం 17 మంది 'హాయ్' అన్నారు, ఈ ఉపన్యాసం అందుకున్నారు, 14 మంది మళ్లీ నోరు విప్పలేదు. బ్యాంకు వాళ్ల మెసేజ్ అనుకున్నానని ఒకాయన తర్వాత చెప్పాడు. తీసేసి ఒకే లైను పెట్టాం: "నమస్తే అండి, మైకు బొమ్మ నొక్కి పట్టుకుని చెప్పండి, మేమిద్దరం వింటాం." తర్వాతి వారం 19 మందిలో 12 మంది మాట్లాడారు.

*క్యూఆర్ కోడ్.* దీని మీద రెండు ఆదివారాలు పోయాయి, అందుకే వివరంగా. లింకు నొక్కగానే చాట్‌లో 'ఎపిసోడ్ 19 గురించి నా మాట' అని ముందే రాసి ఉండేలా చేశాను, ఎవరు దేని గురించి చెప్తున్నారో తెలుస్తుందని. ఐదు సెంటీమీటర్ల కోడ్‌తో 12 పోస్టర్లు ప్రింట్ తీసి లామినేషన్ చేయించి, టీ కొట్లు, జెరాక్స్ షాపులు, తెలిసినవాళ్ల కిరాణా కొట్టు దగ్గర అంటించాం. ఒక్కోటి 25, మొత్తం 300. వారం తిరిగేసరికి పోస్టర్ నుంచి వచ్చింది ఒకటి.

మద్దిలపాలెం టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. ఒక కుర్రాడు ఫోన్ పెట్టాడు, తీశాడు, దగ్గరికి జరిపాడు, మళ్లీ వెనక్కి తీశాడు, టీ చల్లారిపోతోందని వదిలేశాడు. నా ఫోన్‌తోనూ మూడోసారికి గానీ పట్టలేదు. ఇంటికొచ్చి లింకులో అక్షరాలు లెక్కపెట్టాను. మొత్తం 217. తెలుగు లింకులోకి వెళ్లేటప్పుడు ఉన్నట్టుగా వెళ్లదు. ఒక్కో అక్షరం, ఒక్కో గుడి, కొమ్ము, సున్నా విడివిడిగా 9 గుర్తులుగా మారుతుంది. 'ఎపిసోడ్' అన్న ఒక్క మాటే 63. అంత సరుకు నింపాల్సి వచ్చి కోడ్ 61 గళ్ల వెడల్పుకి పెరిగింది. ఐదు సెంటీమీటర్లలో 61 గళ్లంటే ఒక్కో గడి 0.8 మిల్లీమీటర్లు. దాని మీద లామినేషన్ మెరుపు, టీ ఆవిరి.

తెలుగు మాటలు తీసేసి ఇంగ్లీషు అక్షరం ఒకటి, ఎపిసోడ్ నంబరు పెట్టాను. లింకు 35 గుర్తులు, కోడ్ 29 గళ్లు, గడి 1.7 మిల్లీమీటర్లు. రెండోసారి మెరుపు లేని కాగితం మీద తీయించాం. మళ్లీ 300. రెండు వారాల్లో పోస్టర్ల నుంచి 11 వచ్చాయి. పదకొండుకి 600 రూపాయలంటే చవకేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. తెలుగు మీద ప్రేమ లింకులో చూపించకూడదని నేర్చుకోడానికి అయిన ఫీజు అనుకున్నాం.

*నంబరు చెప్పే చోటు.* పోస్టర్ల కంటే ఎక్కువ పనిచేసింది, పైసా ఖర్చు లేనిది. మొదట్లో నంబరు ఎపిసోడ్ చివర, పదంకెలు ఒకే ఊపిరిలో చెప్పేవాణ్ని. మా గణాంకాల్లో చూస్తే చివరిదాకా ఉంటున్నది 100లో 38 మంది. మిగతా 62 మంది అసలు ఆ నంబరు వినలేదు. ఏడో నిమిషంలోకి తెచ్చి, రెండేసి అంకెలుగా, రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టాం. అడిగే తీరు కూడా మార్చాం. 'మీ అభిప్రాయం చెప్పండి' అంటే 'బాగుంది' వస్తుంది. 'మీ వీధికి ఆ పేరెలా వచ్చింది?' అంటే కథ వస్తుంది. ప్రశ్న ఒక్కటే, జవాబు వాళ్ల దగ్గర ఖాయంగా ఉండేది అయ్యుండాలి.

*ఫైళ్ల పేర్లు.* ఇక్కడ నిజంగా సిగ్గుపడ్డాం. వాయిస్ మెసేజ్‌ని ఫోన్ నుంచి బయటికి తీస్తే ఓపస్ అనే రకం ఆడియో ఫైల్ వస్తుంది, పేరులో తేదీ, వరస నంబరు ఉంటాయి, పంపినవాళ్ల పేరు ఉండదు. ఒకేరోజు వచ్చిన తొమ్మిదింటిని మావాడు ఒకే ఫోల్డర్‌లో పడేశాడు. ఆ వారం షిప్‌యార్డ్ గురించి పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా తప్పు దిద్దారు. "జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది 1948 మార్చి 14న నాయనా, నెహ్రూ వచ్చారు. మీరు 1947 అనేశారు." స్వతంత్రం వచ్చిన ఏడాది నోటికి అలవాటై నేను చేసిన తప్పది. ఆ దిద్దుబాటుని మేం గొప్పగా వేశాం, వేరొకాయన పేరు చెప్పి. పెద్దాయన మర్నాడు పంపిన మెసేజ్ ఆరు సెకన్లు: "ఆ గొంతు నాది బాబూ." అంతే. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి పద్ధతి ఇది:

1. విన్న వెంటనే షీట్‌లో వరస: తేదీ, పేట, ఎపిసోడ్, రకం, ఒప్పుకోలు, జవాబు ఇచ్చిందెవరు.
2. ఫైల్ పేరు మార్చకుండా ఫోన్ నుంచి బయటికి తీయకూడదు. ఎపిసోడ్, వరస, పేట, ఉదాహరణకి '20-07-కంచరపాలెం'.
3. వేసేముందు గొంతుని, పేరుని చాట్‌లో మళ్లీ ఒకసారి సరిచూడాలి.

'జవాబు ఇచ్చిందెవరు' గడి ఎందుకంటే, ఒకావిడకి మేమిద్దరం చెరో జవాబిచ్చాం. డాల్ఫిన్స్ నోస్ కొండ మీదికి ఎప్పుడు వెళ్తున్నారని అడిగితే నేను వచ్చే నెల అన్నాను, వాడు అక్కడికి వెళ్లట్లేదండి అన్నాడు.

*ధ్వని.* ఎవరైనా బీచ్ రోడ్డు మీద నిలబడి మాట్లాడితే సగం గాలే. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓపస్ ఫైల్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే అదనపు లైబ్రరీ జోడించాక తెరుచుకుంది. 100 హెర్ట్జ్ కిందుండే లోతు చప్పుళ్లని కోసేస్తే గాలి ఉరుము చాలావరకు పోతుంది. తర్వాత లౌడ్‌నెస్ మా ఎపిసోడ్‌కి సమానంగా మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (ధ్వని ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత అది). వచ్చినవి చాలావరకు మైనస్ 26, 27 దగ్గరుండేవి, అలాగే వేస్తే బస్సులో వినేవాళ్లకి వినపడవు. నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు, గొంతు కుండలోంచి వచ్చినట్టవుతుంది.

*ఒప్పుకోలు.* ఒకావిడ అత్తవారింటి వీధి గురించి చెప్పిన చక్కటి ముక్క వేశాం. పాడ్‌కాస్ట్‌కి పంపింది కదా, వేయడానికే అనుకున్నాం. ఆవిడ మాకు చెప్పాననుకుంది గానీ ఊరికి చెప్పాననుకోలేదు. చుట్టాలు గొంతు పోల్చారు, ఇంట్లో మాటలొచ్చాయి. ఆ ముక్క తీసేసి ఆడియో మార్చి ఎక్కించాం. అయినా అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో పాతదే ఉంటుంది, దాన్ని వెనక్కి తీసుకొచ్చే దారి లేదు. ఇప్పుడు ప్రతివాళ్లనీ అడుగుతాం: "మీ గొంతు వేయొచ్చా? వేయొచ్చంటే 1, మా మాటల్లో చెప్పమంటే 2, అసలొద్దంటే 3 పంపండి." జవాబు రాకపోతే 3 కిందే లెక్క. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఒప్పుకోలు స్పష్టంగా ఉండాలని, ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలగాలని అంటుంది. 18 ఏళ్ల లోపువాళ్లకి తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. అందుకని బడిపిల్లల గొంతులు మేం అసలు వేయట్లేదు.

ఎనిమిదో వారంలో 20 మాటల్ని స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాం. ఒక్క పనికొచ్చే మాటకి సగటున వినడానికి 4 నిమిషాలు, రాసుకోడానికి 9, నిజమో కాదో చూడ్డానికి 8, జవాబివ్వడానికి 5, కత్తిరించడానికి 4. మొత్తం 30.

*ఇప్పటిదాకా: మాటలు 127, అందులో ఈ దశవి 96. పనికొచ్చినవి 43, ఈ దశవి 38. టైము 25 గంటల 10 నిమిషాలు. ఖర్చు రెండో నెల రీచార్జి 199తో కలిపి 1,148.*

దశ 3: గుంపు, 9 నుంచి 11 వారాలు

వినేవాళ్లు మాతోనే కాదు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే బాగుంటుందనిపించింది. వాట్సాప్ గ్రూపు తెరిచాం. 1,024 మంది దాకా పడతారు, మాకు 87 మంది చేరారు.

మొదటి మూడు రోజులు పండగే. నాలుగో రోజు పొద్దున ఐదున్నరకి గులాబీ పువ్వు మీద సుప్రభాతం. ఆరో రోజు భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాట్లు, 'చివరి 6 మాత్రమే'. ఏడో రోజు రాజకీయం. తొమ్మిదో రోజు లెక్కపెడితే 412 మెసేజ్‌లు, పనికొచ్చినవి 11. నియమాలు పెట్టాం, పిన్ చేశాం, ఎవరూ చదవలేదు. ఇద్దరం వంతులేసుకుని కాపలా కాశాం. మావాడు ఆఫీసు మీటింగులో కూచుని ప్లాట్ల ఫొటోలు డిలీట్ చేశాడు.

అదంతా భరించొచ్చు. మూయించింది వేరేది. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. ఒక అమ్మాయి వాళ్ల హాస్టల్ రోజుల గురించి చెప్తే, గ్రూపులోంచి ఒకడు రాత్రిళ్లు ఆవిడకి విడిగా కాల్స్ చేయడం మొదలుపెట్టాడు. ఆవిడ మాకు చెప్పిన గంటలో వాణ్ని తీసేశాం, మర్నాడు గ్రూపే మూసేశాం. తీసేసినంత మాత్రాన నంబరు వాడి ఫోన్‌లోంచి పోదు కదా. ఆవిడకి క్షమాపణ చెప్పాం. ఆవిడ ఇప్పటికీ వింటుందో లేదో తెలియదు, అడిగే మొహం లేదు.

టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు, ఒకే గ్రూపులో పేటకో టాపిక్ పెట్టుకోవచ్చు, మా పనికి కొలిచి కుట్టినట్టుంది. 31 మంది వచ్చారు. దాదాపు అందరూ పాతికేళ్ల లోపు కుర్రాళ్లే. మాకు కావల్సిన జ్ఞాపకాలున్న మనుషుల ఫోన్లలో ఆ యాప్ లేదు, వేసుకోమనడం మా పని కాదు. 58 మాటలు, పనికొచ్చినవి 6. డిస్కార్డ్ అనే చాట్ యాప్ మావాడి పట్టుదల. ఆరుగురు వచ్చారు, నలుగురు వాడి స్నేహితులే. 23 మాటలు, 0. దాని గురించి ఇంక మాట్లాడుకోవట్లేదు.

ఈ దశలో మిగిలింది వాట్సాప్ ఛానల్. అందులో ఫాలో అయ్యేవాళ్లకి ఒకరి నంబరు ఒకరికి కనపడదు, వాళ్లంతట వాళ్లు ఏమీ రాయలేరు, ఎమోజీ పెట్టొచ్చు, పోల్‌లో ఓటేయొచ్చు. అంటే అది ముచ్చట్లకి కాదు, నోటీసు బోర్డు. కొత్త ఎపిసోడ్ వచ్చిందని, 'వచ్చే వారం అల్లిపురమా, దొండపర్తా?' అని అడగడానికి సరిపోతుంది. వారానికి పది నిమిషాల పని.

*ఇప్పటిదాకా: మాటలు 620, పనికొచ్చినవి 60, టైము 44 గంటల 10 నిమిషాలు, ఖర్చు 1,347. వాట్సాప్ గ్రూపు ఒక్కటే 14 గంటలు తింది, ఒక్కో పనికొచ్చే మాటకి 76 నిమిషాలు. ఫామ్ కంటే కూడా అధ్వాన్నం.*

దశ 4: తగ్గించుకోవడం, 12 నుంచి 15 వారాలు

వారానికి 3 గంటలనుకున్నది నాలుగైంది. ఇంకో యాప్ వెతకడం మానేసి, 30 నిమిషాల లెక్కలో ఎక్కడ కోయొచ్చో చూశాం.

రాసుకోడానికి 9 నిమిషాలన్నది అన్నిటికంటే పెద్దది. వాయిస్ టైపింగ్‌తో తేలిగ్గా అయిపోతుందనుకున్నాం. పుస్తకంలా మాట్లాడేవాళ్లకి పర్వాలేదు. "నాను ఎల్లినప్పుడు అదేటీ నేదు" అని మన ఉత్తరాంధ్ర యాసలో చెప్పేవాళ్ల దగ్గర అది చేతులెత్తేసింది. దిద్దుకునే టైములో రెండుసార్లు చేత్తో రాయొచ్చు. మొత్తం రాయడమే మానేశాం. షీట్‌లో ఒక్క లైను, అసలు ముక్క ఏ నిమిషంలో ఉందో ఒక అంకె. 9 నిమిషాలు 2 అయ్యాయి.

జవాబులు టైపు చేయడం ఆపి మేమూ వాయిస్‌లోనే ఇస్తున్నాం, మంగళ, శనివారాల రాత్రి మాత్రమే. 5 నిమిషాలు 3 అయ్యాయి. వినే నాలుగు నిమిషాల్ని కూడా తగ్గిద్దామని మావాడు రెండింతల వేగంతో విన్నాడు, 'చెంగల్రావుపేట'ని వేరే పేటగా రాసుకున్నాడు. అది వదిలేశాం. 30 కాస్తా 21కి దిగింది.

అడిగే టైము కూడా మార్చి చూశాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలకి సముద్రంలో వేట నిషేధం. మిగతా రోజుల్లో తెల్లారేసరికి హార్బర్‌లో వేలంపాటల్లో ఉండే మనుషులు ఈ రెండు నెలలు ఒడ్డునే ఉంటారు. పెదజాలరిపేట ఎపిసోడ్‌ని ఏప్రిల్ చివరికి జరిపి, యాప్ ఏదీ లేకుండా అక్కడికే వెళ్లి అందరితో కూచుని విన్నాం. చిన్న స్పీకరు పట్టుకెళ్లాం. ఇసకలో పెడితే అలల చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. గుడి అరుగు మీదికి మార్చాక వినపడింది. 14 మంది, కొందరు వల కుట్టుకుంటూనే విన్నారు.

నాలుగో నిమిషంలో ఒక పెద్దాయన సూది వలలో గుచ్చి చెయ్యెత్తాడు. "ఆపు బాబూ. ఇసకలో ఎండేవి కవళ్లంటన్నావేటి? అవి నెత్తళ్లు." రెండూ చేపలే. ఆయన వేళ్ల మధ్య వెడల్పు చూపించి, కవళ్లు ఇంతుంటాయి, నెత్తళ్లు ఇంతే అన్నాడు. పక్కన ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వుతో సహా రికార్డు చేశాను, తర్వాతి ఎపిసోడ్ దానితోనే మొదలు.

ఆ సాయంత్రం తొమ్మిది మాటలు, పనికొచ్చినవి 7. ఐదు గంటలు పట్టింది, అంటే మాటకి 43 నిమిషాలు. లెక్క ప్రకారం నంబరు కంటే ఖరీదు. అయినా రెండు నెలలకోసారి పెట్టుకుంటున్నాం, ఎందుకంటే ఆ పద్నాలుగు మందిలో నంబరుకి మెసేజ్ పంపినవాళ్లు అప్పటిదాకా ఒక్కరూ లేరు. టీలు, మిక్చర్ 240.

*ఇప్పటిదాకా: మాటలు 693, పనికొచ్చినవి 98, టైము 60 గంటల 10 నిమిషాలు, ఖర్చు 1,786.*

పదిహేనో వారం చివర తెరిచి ఉన్నవి

1. వాట్సాప్ బిజినెస్ నంబరు. గొంతులన్నీ ఇక్కడికే. దశ 4లో 64 మాటలు, పనికొచ్చినవి 31.
2. వాట్సాప్ ఛానల్. ఎపిసోడ్ కబురు, పోల్.
3. యూట్యూబ్ కామెంట్లు. మేం తెరిచినవి కావు, మూయాలనీ లేదు. అనుమానం ఉన్న కామెంట్ల్ని ఆపి ఉంచే సెట్టింగు పెట్టి, శనివారం ఒకసారి చూస్తాం.
4. ఫామ్ ఒకే పనికి: వేసిన గొంతు తీసేయమని అడగడానికి. రెండు ప్రశ్నలు. ఇప్పటిదాకా ఒకరు వాడారు.

టెలిగ్రామ్, డిస్కార్డ్, గ్రూపు మూత. స్పాటిఫైలో, యాపిల్‌లో వచ్చినవి చదువుతాం గానీ అక్కడ చెప్పమని ఎవర్నీ అడగం.

పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బుతోంది, వెనక మూత లేచింది. రెండు వేలలో మిగిలిన 214 రూపాయల్లో బ్యాటరీ వస్తుందేమో జగదాంబ జంక్షన్ దగ్గర అడగాలి.

ఈ శనివారం జవాబివ్వాల్సినవి ఆరు. ఐదు మామూలువే. ఆరోది ఒకావిడ పంపింది, 2 నిమిషాల 40 సెకన్లు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులేసిన రోజు, వాళ్ల అమ్మమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పిల్లల్ని బండెక్కించుకుని విజయనగరం వైపు వెళ్లిపోయిందట. తిరిగొచ్చాక ఆ గిన్నెని ఎన్నాళ్లు దాచుకుందో కూడా చెప్పింది. మా కోట వీధి ఎపిసోడ్‌కి దానికంటే మంచి మొదలు దొరకదు. 1, 2, 3 ప్రశ్న పంపితే "మా అమ్మనడిగి చెప్తానండి" అంది. పదకొండు రోజులైంది. షీట్‌లో ఆ వరసలో ఒప్పుకోలు గడి ఖాళీగా ఉంది. మళ్లీ ఒకసారి అడుగుదామా అని మావాడు అంటున్నాడు. వద్దన్నాను. అల్లిపురం ఎపిసోడ్ ముందుకి జరిపాం.